పొద్దున పదింటి ఆట

1935. లండన్‌లో ఆ పెద్ద హాల్లో పొద్దున పదింటికే తెర వెలిగింది. దీపాలు ఆర్పలేదు, ఊడ్చేవాళ్లకు కనబడాలి కదా. బ్రిటిష్ సినిమాలు ఏడాదికి ఇన్ని ఆడించి తీరాలని చట్టం. సాయంత్రాలేమో అమెరికా సినిమాలవి. అందుకని హాలువాళ్లు ఇలా ఖాళీ కుర్చీలకు వేసి చట్టం నోరు మూయిస్తారు.

లెనర్డ్ ఫెన్విక్ చివరి వరసలో టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఈ చట్టం లెక్క కోసమే ఏడేళ్లలో ఇరవై తొమ్మిది సినిమాలు తీశాడు, ఒక్కోటి పన్నెండు రోజుల్లో. వాటి పేర్లు తనకే గుర్తులేవు. ఇప్పుడు తెరమీదున్న ఈ ముప్ఫయ్యోది అలాంటిది కాదు. దీనికి నిర్మాత కూడా తనే. నలభై రోజులు తీశాడు. భార్య పియానో దీని ఖర్చు కిందే అమ్ముడుపోయింది. ఒక్కరంటే ఒక్కరు మొదటినుంచి చివరిదాకా చూస్తే చాలనుకుని వచ్చాడు.

ఊడ్చే ఫ్లోరీ చీపురుతో దగ్గరకొచ్చింది.

“మళ్లీ మీరేనా అయ్యా! కాళ్లెత్తండి. పోయిన నెల ఓడ సినిమా మీదేగా?”

“నాదే. చూశావా?”

“ఓడెక్కడం చూశాను. మునిగేసరికి మెట్లు కడుగుతున్నాను. ఇంతకీ ఆ పిల్ల బతికిందా?”

“బతికింది.”

“హమ్మయ్య! నెల్లాళ్లుగా పీకుతోంది మనసు.”

తన సినిమా గురించి ఏడేళ్లలో ఒకరు అడిగిన మొదటి ప్రశ్న అది. ఫెన్విక్ లేచాడు.

“ఆ చీపురిలా ఇచ్చి నువ్వు కూర్చో. ఇవాళ్టిది మొత్తం చూడు.”

“బాగుంది! మేనేజరు చూస్తే నన్నే ఊడ్చిపారేస్తాడు.”

“నీ వరసలన్నీ నేను ఊడుస్తాగా.”

ఆమె కుర్చీ అంచున కూర్చుని, మెల్లగా వెనక్కి వాలింది. “ఎంత మెత్తగా ఉందో! పదకొండేళ్లుగా దులపడమే గానీ కూర్చున్నది లేదు. నాలుగింటికి లేచానేమో, నడుం పడిపోతోంది.”

అతను వంగి ఊడ్చాడు. వేరుశనగ తొక్కలు, చాక్లెట్ కాగితాలు, అన్నీ రాత్రి అమెరికా సినిమాకొచ్చినవాళ్లు వదిలినవి. వంగితే తెర కనబడదు. మాటలు మాత్రం వినబడుతున్నాయి. రైలు స్టేషన్లో తల్లి కొడుకుని గుర్తుపట్టే ఘట్టం వచ్చింది. దాన్నొక్కదాన్నే నాలుగు రోజులు తీశాడు. ఫ్లోరీ ముఖం చూద్దామని నడుం ఎత్తి వెనక్కి తిరిగాడు.

ఫ్లోరీ నోరు తెరుచుకుని నిద్రపోతోంది.

దగ్గరకెళ్లి భుజం తట్టబోయి ఆగాడు. తెరమీద తల్లి కొడుకుని పేరుపెట్టి పిలిచింది.

ఇంకా ఆరు వరసలున్నాయి. చప్పుడు కాకుండా ఊడ్చుకుంటూ ముందుకు వెళ్లాడు.