తడవని పళ్లెం

తెల్లారితే పెన్నమ్మ ఓడలో పని ఒకటా రెండా. శిక్షణకి వచ్చిన ఇరవైమంది పిల్లలూ డెక్కు కడగాలి, తాళ్లు చుట్టాలి, తెరచాపలు విప్పాలి. అన్నిటికన్నా ముందు తినాలి. ఓడలో ఏ ఒక్కరు తినకపోయినా పెన్నమ్మ కదలదు. ఎంత గాలి కొట్టనీ, మొండికేసిన ఎద్దులాగా నీళ్లలో అట్టాగే నిలబడిపోతుంది. అందుకే కెప్టెన్ బెన్హర్ గారి లాగ్‌బుక్కులో ఇలాంటి రాతలుంటాయి: "గాలి బాగుంది. ఉప్మా అని వెంకయ్య తినలేదు. రెండు గంటలు నిలిచాం." పై ఆఫీసువాళ్లు చదివి సంతకం పెట్టి పంపిస్తారు.

పదో రోజు పొద్దున ఫేబీ తినలేదు. మనుబోలు పిల్ల. చుక్కాని పట్టిందంటే ఓడ గీత గీసినట్టు పోతుంది. తెరచాప కొయ్య ఎక్కమంటే మాత్రం భయపడి కిందనే ఆగిపోతుంది. పది రోజుల్లో ఎక్కనివాళ్లని దించేయాలని రూలు. కృష్ణపట్నం రేవు కనిపిస్తానే ఉంది, ఇంటికి పంపే కాయితం కెప్టెన్ గారు రాసేసినారు. ఇంటి దగ్గర రెజీనా అత్త అప్పుడే ఒక కుట్టుమిషను తుడిచి పెట్టింది. ఇంక సముద్రాన్ని టీవీలో చూసుకోవాల్సిందే.

"దోసెల్లోకి నిన్నటి చేపల పులుసు పాపా, మామిడికాయ వేసినాను," అంది వంట రాఘవమ్మ.

"వద్దక్కా. తింటే ఓడ కదులుద్ది. కదిల్తే నన్ను దించేస్తారు."

"లెక్క సరిగ్గానే ఉంది," అన్నాడు ఓడ పనులు చేయించే సరంగు మస్తానయ్య.

ఓడ ఆగింది. కెప్టెన్ గారు కసిరారు, ఆర్డరేశారు, ఆఖరికి బతిమాలారు. ఫేబీ తన బ్యాగు మీద కూర్చుని లేవలేదు. మధ్యాహ్నం కావస్తుండగా తోటి పిల్ల వాణి వచ్చి పక్కన కూలబడింది.

"మా నాయన వాకాడు నించి నా కోసం వచ్చి రేవులో ఎండలో నిలబడున్నాడే. షుగరు మనిషి."

అంతే, ఫేబీ తట్టుకోలేకపోయింది. ఏడస్తా ఏడస్తా ఆరు దోసెలు తినింది. పళ్లెం కడిగి బ్యాగులో పెట్టుకుంది. అందరూ నీళ్లవైపు చూశారు. ఓడ కదల్లేదు.

"ఆరు తిన్నాను గదన్నా," అంది ఫేబీ.

మస్తానయ్య పళ్లేల స్టాండు దగ్గరికి పోయినాడు. ఓడలో ఎవరి స్టీలు పళ్లెం మీద వాళ్ల పేరు కొట్టించి ఉంటుంది. అన్నిటి మీదా పొద్దున కడిగిన నీటి చారలున్నాయి, ఒక్కదాని మీద తప్ప. దాని మీద పేరు చదివి రాఘవమ్మ చేతికిచ్చాడు.

"ఏం సార్ ఇది?" అంది రాఘవమ్మ.

కెప్టెన్ గారు టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నారు. "ఆ కాయితం రాసినాక గొంతు దిగలా. ఇట్టా చుక్కాని పట్టే పిల్లని ఇన్నేళ్లలో చూళ్లేదు."

"తినండి సార్. అక్కడ వాణి వాళ్ల నాయన పడిపోతాడు."

కూర్చున్నారు. ముక్క తుంచి, నోటిదాకా తెచ్చి దించేశారు. కాసేపటికి జేబులోంచి ఆ కాయితం తీసి, పళ్లెం పక్కన పరిచి, మొదటి చేపముల్లు దాని మీద పెట్టారు.

"చుక్కాని పట్టేదానికి కొయ్య ఎక్కే పనేముంది," అన్నారు నములుతా. "పై ఆఫీసుకి నేను చెప్పుకుంటాను. పోమ్మా, చుక్కాని ఖాళీగా ఉంది."

రెండో ముద్దకి ఓడ కదిలింది. రాఘవమ్మ బ్యాగులోంచి ఫేబీ పళ్లెం లాగి మళ్లీ స్టాండులో పెట్టింది.

ఆ రోజు లాగ్‌బుక్కులో ఇట్టా ఉంది: "గాలి బాగుంది. నేను తినలేదు. నాలుగు గంటలు నిలిచాం. చుక్కాని: ఫేబీ."