ముక్కాయన సుద్దగీత

నా నోట ఆవగింజంత అబద్ధం కూడా దొర్లదు. అనుమానమున్నవాళ్లు ఇప్పుడే లేచి వెళ్లొచ్చు.

ఒక పాలడెయిరీలో ముక్కాయన అనే ఒకాయన ఉండేవాడు. క్యాన్ మూత తీయగానే దాని లోపలివైపు వాసన చూసి, పాలు మంచివైతే క్యాన్ మీద సుద్దముక్కతో గీత గీయడం అతని పని. పాలిచ్చిన గేదె ముందురోజు ఎవరిమీద అలిగిందో కూడా చెప్పేసేవాడు. ఇరవై ఏళ్లలో అతని అసలు పేరు పెళ్లాం కూడా మరిచిపోయింది.

ఆ ఉదయం పదకొండు క్యాన్లు కుళ్లు కంపు కొట్టాయి. మూతకంటిన జిగట అతని ముక్కు కొసకు తగిలితే చొక్కాకి తుడుచుకున్నాడు.

"పులుపు తెలియకుండా సోడాపొడి కలిపాం కదా, గీసెయ్యి. ఆసుపత్రికి పాలు తీసుకెళ్లే బండి ఆగి ఉంది. గియ్యకపోతే రేపట్నించి గేటు దాటకు," అన్నాడు మేనేజరు, చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని.

ముక్కాయన ఒకటి గీశాడు. రెండోదీ గీశాడు. మూడోదాని దగ్గర, ఆ బండి నడిపే అతని బావమరిది అడ్డం వచ్చాడు.

"ఏంటి బావా, దీన్ని రోగుల చేత తాగిస్తావా?"

"నన్నేం చెయ్యమంటావురా? నేను ముక్కుని. ఎదురు చెప్పడం నా స్వభావంలోనే లేదు. పుట్టుకే అంత."

"అబ్బో! సుద్దముక్క పట్టుకునే ఊడిపడ్డావా? మంత్రసాని జడుసుకోలేదూ? ఇప్పుడు గీసింది ముక్కా, చెయ్యా? ఆ చెయ్యెవరిది?"

ముక్కాయన తన చేతికేసి చూసుకున్నాడు. గోళ్ల సందుల్లో సుద్దపొడీ జిగటా కలిసి తెల్లగా ముద్దకట్టాయి. ఇరవై ఏళ్లుగా స్వభావమని ముద్దుచేసుకున్నది ఈ మురికినేనా అని ఒళ్లు జలదరించింది. క్యాన్లను మించిన కంపు తన చొక్కాలోంచే వస్తోంది. లోపలెక్కడా ముక్కాయన అనేవాడు లేడు. గీస్తే గీసినవాడు, మానేస్తే మానేసినవాడు. అంతకుమించి ఏమీ లేదు.

"ఇది విషం! నేను ముక్కుని కాదు, మనిషిని. గియ్యను!" అని గర్జించాడు. పైకప్పు రేకులదిరి రెండు పావురాలు గుండాగి కిందపడ్డాయి. గీత పెట్టిన రెండు క్యాన్లనే ముందు తన్నాడు. తర్వాత మిగతావి. గడ్డలుకట్టిన పాలు మేనేజరు బూట్లలోకి దూరి, అక్కణ్నించి మురిక్కాలువలోకి పాకాయి.

"పో బయటికి!" అని అరిచాడు మేనేజరు.

ముక్కాయన కాలువ పక్కన కూలబడి భళ్లున వాంతి చేసుకున్నాడు.

ఆ గర్జన మాత్రం నేను కల్పించింది. పావురాలు నిక్షేపంలా ఉన్నాయి. నిజానికి అతనికి గొంతే పెగల్లేదు. వణికే కాలితోనే తన్నాడు. క్యాన్లు మాత్రం పదకొండూ బోర్లాపడ్డాయి. అబద్ధమాడటం నా స్వభావమని తప్పించుకోను లెండి, కావాలనే ఆడాను.