పేరు కొట్టిన గిన్నె

లాకు తలుపులకు అడ్డంపడ్డ గుర్రపుడెక్కను ఇవజ్ కొక్కెం కర్రతో లాగి గట్టుమీద కుప్ప వేస్తున్నాడు. కంకిపాడు దగ్గర ఆ కాలువ మీద తలుపులెత్తి దించే లస్కరుగా ఇరవై రెండేళ్ళు. మోకాళ్ళదాకా మడిచిన ఖాకీ ప్యాంటు, కాయలు కాచిన అరచేతులు, నీళ్ళలో నాని తెల్లబారిన కాలివేళ్ళు. ఎవరికి సెలవు కావాలన్నా ముందు అతన్నే అడుగుతారు. కాదనడం అతనికి చేతకాదు.

పొద్దున్నుంచీ నీళ్ళు ఎర్రగా వస్తున్నాయి. పైన ఎక్కడో వాన.

తెల్లవారుజామున నమాజు అయ్యాక మసీదులో హజరత్ గారిని తన పేరుకు అర్థమేమిటని అడిగాడు. భవానీపురంలో కూతురు దిల్షాద్‌కు కొడుకు పుట్టాడు. రేపు ఏడో రోజు, పేరు పెడతారు. “నీ పేరే పెడతా అబ్బా. బెజవాడంతా గాలించినా ఇంకోడు దొరకడు,” అని పట్టుబట్టింది. యాభై మూడేళ్ళు మోసినా ఆ పేరేమిటో అతనికే తెలియదు.

“అరబ్బీ మాట. ఇప్పుడెవరూ పెట్టట్లేదు,” అన్నాడు హజరత్. “బదులు అని అర్థం. బిడ్డ పోయిన ఇంట్లో ఆ తరవాత పుట్టినవాడికి పెట్టేవాళ్ళు. నీకు ముందెవరైనా పోయారా?”

“లేదండీ. నేనే పెద్దోణ్ణి.”

మధ్యాహ్నం అన్నం గిన్నె ముందు పెట్టుకుని మూత తీయకుండా కూర్చున్నాడు. చిన్నప్పట్నుంచీ అదే స్టీలు గిన్నె. అంచు కింద చుక్కలు చుక్కలుగా ‘ఖాసిం’ అని పేరు కొట్టి ఉంటుంది. ఖాసిం ఎవరమ్మా అని అడిగితే, కొట్టువాడు పొరపాటున ఎవరి పేరో కొట్టాడంది తల్లి. పదేళ్ళొచ్చేదాకా అతన్ని కాలువగట్టు ఎక్కనివ్వలేదు. ఎందుకో చెప్పకుండానే పోయింది.

చుక్కల మీద వేలు పెట్టి, చటుక్కున తీశాడు. దిల్షాద్‌కు ఫోను చేశాడు.

“పేరు సంగతి ఆగమ్మా. సాయంత్రం వచ్చి మాట్లాడతా.”

“ఏంటబ్బా, సిగ్గేస్తోందా? ఇప్పుడే చెప్పు.”

“ఫోన్లో చెప్పేది కాదు. నేనొచ్చేదాకా ఎవరితో అనకు.”

నాలుగింటికి డ్యూటీ మారాలి. తరవాత డ్యూటీకి దిగాల్సిన ఆమోసు బండి ఇంజను ఆపకుండానే కేకేశాడు.

“ఇవజన్నా, మా ఆవిడ హెలెన్‌కి ఆయాసం ఎక్కువైంది. ఆస్పత్రిలో చూపించి ఆరింటికల్లా వచ్చేస్తా. కాస్త నా బదులు ఉండవా?”

ఇవాళ వద్దు అన్న మాట నోటిదాకా వచ్చింది. ఆమోసు అప్పటికే బండి వెనక్కి తిప్పుతున్నాడు.

“వెళ్ళు. ముందు ఆవిణ్ణి చూసుకో,” అన్నాడు ఇవజ్.

నీళ్ళు లాకు మెట్లలో మరొకటి ముంచాయి. డెక్క మళ్ళీ వచ్చి తలుపులకు పట్టేసింది. మూత తీయని గిన్నెను పిట్టగోడ మీద పెట్టి, కొక్కెం కర్ర పట్టుకుని మెట్లు దిగాడు.

ఆరింటికి ఆమోసు వచ్చేసరికి మెట్ల మీద ఎవరూ లేరు. కర్ర మాత్రం డెక్కలో అడ్డంగా తేలుతోంది. ఇవజ్ మర్నాడు రెండు మైళ్ళు కింద దొరికాడు.

పేరు పెట్టడం వారం ఆగింది. ఇక ఇంకో పేరు ఎవరూ ఎత్తలేదు.

“అబ్బా ఏదో చెప్తానన్నాడు,” అంది దిల్షాద్.

“తన పేరు పెడుతున్నావని మురిసిపోయుంటాడు, అంతే,” అన్నారు ఇంట్లోవాళ్ళు.

పిల్లాడికి ఇవజ్ అనే పేరు పెట్టారు. ఆమోసు తెచ్చిచ్చిన గిన్నె రేపు వాడికి అన్నం పెట్టడానికి పనికొస్తుందని దిల్షాద్ చింతపండేసి తోమింది. ఉయ్యాల పక్కన బోర్లించిన గిన్నె మీద ఖాసిం పేరు కొత్తగా కొట్టినట్టు మెరుస్తోంది.