బొమ్మకు బహుమతి వద్దు

పొద్దున్నే ఇస్త్రీ చేస్తోందన్న మాటే గానీ టీచరమ్మ మనసు భర్త చొక్కా మీద లేదు. రుద్దిన కాలరే మళ్ళీ రుద్దుతోంది. హాల్లో ఆయన స్నేహితుడితో ఫోన్లో చెబుతున్నాడు: "మా ఆవిడా? నోట్లో నాలుక లేని మనిషిరా. నాకా బెంగ లేదు." అత్తగారు అక్కణ్ణించే అందుకుంది. "ఇన్నేళ్ళలో ఒక్కనాడు విసుక్కోలేదు నా కోడలు." విసుక్కోవడానికి తీరికేదీ? లేచింది మొదలు వంట, బాక్సులు, బట్టలు. స్కూల్లో గొంతు పోయేదాకా పాఠాలు. ఇంటికొస్తే మళ్ళీ మొదటికే. విసుగు లేక కాదు, దాన్ని దించుకునే చోటు లేక.

ఈ పొద్దు మాత్రం ఆమెకు కాలు నిలవడం లేదు. నిన్న స్కూలు గేటు దగ్గర ఒక తల్లి ఆమె చెయ్యి పట్టుకుని, "టీచర్, మా పాపకి ఆ బహుమతి ఇవ్వకండి" అని బతిమాలింది. ఎక్కడైనా విన్నామా ఈ విడ్డూరం? మూడో తరగతిలో అందరికన్నా బుద్ధిగా ఉండే పిల్లకు ఏడాది చివర కప్పు ఇస్తారు. ఈసారి అది ఆ పాపకేనని హెడ్మాస్టరు ఎప్పుడో తేల్చేశాడు. కదలదు, మెదలదు, ఎదురు మాట్లాడదు. టీచర్లంతా ముద్దుగా బొమ్మ అని పిలుస్తారు.

"ఇంటికొచ్చి బూట్లు విప్పీ విప్పకముందే మొదలవుతుంది టీచర్," అంది ఆ తల్లి. "కేకలు, తల గోడకేసి కొట్టుకోవడం. స్కూల్లో బంగారంలా ఉండే పిల్ల నీ దగ్గరే ఇలా తయారైందంటే లోపం ఎవరిదే అంటుంది మా అత్తగారు. ఆయనా అదే మాట. ఇప్పుడు మీరు కప్పు కూడా చేతిలో పెడితే, ఇక నేను నోరెత్తక్కర్లేదు."

ఆ మాట రాత్రంతా టీచరమ్మను నిద్రపోనివ్వలేదు. స్కూలుకొచ్చాక క్లాసులో పాఠం చెబుతూనే బొమ్మను కళ్ళతో వెంటాడింది. పక్కపిల్ల నవ్వాక, ఆ నవ్వు చూసుకుని, అప్పుడు నవ్వుతోంది. గంట మోగితే భుజాలు చెవులదాకా లేస్తున్నాయి, చేతులు మాత్రం కట్టుకునే ఉన్నాయి. చొక్కా అంచు నమిలి నమిలి తడిపేసింది. మధ్యాహ్నం దాకా బాత్రూముకు లేవలేదు. "ఎందుకమ్మా వెళ్ళలేదు?" అని మెల్లగా అడిగితే, "టీచర్ మాట్లాడుతున్నప్పుడు లేవకూడదన్నారు. మీరు మాట్లాడుతూనే ఉన్నారు" అంది, ఎటో చూస్తూ. టీచరమ్మ పుస్తకం మూసి, పాపను తనే బాత్రూముకు తీసుకెళ్ళింది.

ఆటిజం ఉన్న పిల్లల గురించి ఆమధ్య శిక్షణలో చెప్పారు. కొందరు, ముఖ్యంగా ఆడపిల్లలు, పదిమందిలో పక్కవాళ్ళను చూసి అనుకరిస్తూ నెట్టుకొస్తారనీ, ఎవరి కంటా పడరనీ. ఆడపిల్ల నోరు మూసుకుని కూర్చుంటే ఎవరికి అనుమానం వస్తుంది? మెచ్చుకుంటారు గానీ.

కప్పు ఆపమంటే హెడ్మాస్టరు ఒప్పుకోలేదు. "గోల చేసేవాళ్ళతోనే వేగలేక చస్తుంటే, చెయ్యని పిల్లకు కూడా ఏదో అంటగడతారేంటమ్మా? కప్పు మీద పేరు చెక్కించేశాం."

"పేరు చెరిపించండి సార్," అని వచ్చేసింది. కోపం తగ్గలేదు.

సాయంత్రం బొమ్మ తండ్రినీ నాయనమ్మనూ కూడా పిలిపించింది. తల్లి గోడవారన నిలబడింది, ముద్దాయిలాగా.

"మీ దగ్గర ఎలా ఉంటుందో చెప్పండి, మా కోడలు వింటుంది," అంది నాయనమ్మ.

"నా దగ్గర బుద్ధిగా లేదండీ. బిగబట్టుకుని ఉంటోంది," అంది టీచరమ్మ. "పొద్దుటి నుంచీ చప్పుడూ భయమూ అన్నీ మింగుతోంది. నేను డాక్టర్ని కాను, పేరు పెట్టలేను. తెలిసిన డాక్టరుకు చూపించండి. నా వంతుగా రేపటి నుంచి గంటకు దూరంగా కూర్చోబెడతాను. నన్నడక్కుండానే లేచి బయటికెళ్ళొచ్చని చెబుతాను. ఏం మారబోతున్నా ముందే చెబుతాను."

"మరి వాళ్ళమ్మ దగ్గరే ఎందుకా వీరంగం?" అన్నాడు తండ్రి.

"ఎంత ఏడ్చినా వదిలిపెట్టని మనిషి అక్కడే ఉంది కాబట్టి. ఆవిడ లోపం కాదండీ అది. పాపకున్న ఒకే ఒక్క ధైర్యం ఆవిడే."

గోడవారన ఉన్న ఆ తల్లి కుర్చీ లాక్కుని అందరితోపాటు కూర్చుంది.

బస్టాపుకు నడుస్తుంటే టీచరమ్మకు ఆ పిల్ల మీద జాలితోపాటు కాస్త అసూయ కూడా పుట్టింది. సిగ్గనిపించలేదు. బస్సు వచ్చింది. ఎక్కలేదు. బెంచీ మీద కూర్చుంది. ఫోన్ మోగింది.

"ఎక్కడున్నావ్? మా వాళ్ళొచ్చి కూర్చున్నారు, టీ పెట్టేవాళ్ళు లేరు," అన్నాడు భర్త.

"మీరు పెట్టండి. నేను అలసిపోయాను. ఇక్కడ కాసేపు కూర్చుని వస్తాను."

"ఏమైంది నీకు? ఎప్పుడూ ఇలా లేవే."

"ఎప్పుడూ ఇలాగే ఉన్నానండీ. మీ దగ్గర బుద్ధిగా ఉన్నాను, అంతే."