నాలుగో అతుకు

మరిదిని అందరూ "గాలోడు" అనేవాళ్ళు. పనీపాటా లేకుండా తిరిగే రోజుల్లో తిట్టుగా వచ్చిన పేరు. తెరచాప కట్టిన బోర్డెక్కి నీళ్ళ మీద దూసుకెళ్ళడం మొదలెట్టాక అదే బిరుదైంది.

తొమ్మిదేళ్ళుగా అతని తెరచాపలు కుట్టింది వదినే. పడవల తెరచాపలు కుట్టే షెడ్డు ఆమెకి తండ్రి నుంచి వచ్చింది. కుట్టడం ఒక ఎత్తు, బిగించడం ఒక ఎత్తు. నీళ్ళ మీద నల్లటి మరకల్లా పరిగెత్తే గాలిని చూసి, ఏ సైజు వేయాలో, స్తంభం అడుగున తాడు ఎన్ని సెంటీమీటర్లు లాగాలో చెప్పేది. ఆ తాడు లాగేకొద్దీ పైన వెనక అంచు వదులవుతుంది. పెద్ద విసురొస్తే గాలి అక్కణ్ణుంచి జారిపోతుంది. తక్కువ లాగితే బోర్డు పొగరు గుర్రంలా ఎగురుతుంది. మరీ లాగితే తెరచాప చచ్చుపడుతుంది.

గాలోడి ఎడమ మోచెయ్యి పదహారో ఏట విరిగి వంకరగా అతుక్కుంది, పూర్తిగా చాపలేడు. అందుకని ఆమె తెరచాప గుడ్డ ముక్కలు కలిపే అతుకుల్లో నాలుగోదాన్ని మామూలు కంటే రెండు వేళ్ళు కిందికి దించింది, లాగుడు చేతుల మీద కాక నడుం మీద పడేలా. ఆ నమూనా కాగితం మీద కుదరడానికి మూడేళ్ళు పట్టింది.

ఆ ఏడు తెరచాపలు చేసే ఒక పెద్ద కంపెనీ గాలోణ్ణి తమ తరఫున పోటీలకి తీసుకుంది. వేగం పోటీ రోజు పొద్దున్నే రెండు కొత్త సంచులు ఆమె ముందు పెట్టాడు.

"వదినా, ఇకనుంచి వీళ్ళ తెరచాపలే. ఒకటి ఆరు మీటర్లది, ఒకటి అయిదుది. వాళ్ళ మనిషి ఆరుది వేయమంటున్నాడు. నువ్వేమంటావ్?"

ఆమె అయిదుది విప్పి గడ్డి మీద పరిచింది. అలవాటుగా అరచేత్తో అతుకులు తడుముతూ వచ్చి, నాలుగో దాని దగ్గర ఆగిపోయింది.

"ఇది నా కోత."

"అన్ని తెరచాపలూ ఒకేలా ఉంటాయి వదినా."

"ఉండవు. ఇది నీ వంకర చేతికి కోసిన కోత. లోకంలో అందరి చేతులూ వంకరేనా?"

అతను ఒడ్డు వైపు చూశాడు. "పోటీ అయ్యాక మాట్లాడుకుందాం. గాలి పోతుంది."

వదిలేసి వెళ్ళిపోవచ్చు. తాడు మూడు సెంటీమీటర్లు తక్కువ లాగినా చాలు, మొదటి విసురుకే బొక్కబోర్లా పడతాడు. ఆమె వేళ్ళకి ఆ విద్య రాదు. గాలి విసుర్లు విసుర్లుగా ఉందని అయిదుదే ఎంచింది. తెరచాపలో అడ్డంగా దోపిన బద్దల్లో పైనుంచి మూడోదాని దాకా అంచు వదులయ్యేలా అడుగు తాడు లాగింది. వెనక మూలని లాగి కట్టే తాడు ఒక్క వేలు సడలించి తెరచాప కడుపు కొంచెం ఉబ్బుగా ఉంచింది, విసురు తగ్గినప్పుడు ఊపు పోకుండా.

గాలోడు అర కిలోమీటరూ గంటకి ఎనభై రెండు కిలోమీటర్ల వేగంతో దాటాడు. ఆ తీరంలో అంతకు ముందెవరూ ఎనభై చూడలేదు. మైకు ముందు నవ్వుతూ, "ఇదంతా కంపెనీ ఇంజనీర్ల గొప్పతనం," అన్నాడు. తాళ్ళు చుట్టుకుంటూ ఆమె ఆ మాట విన్నది.

సాయంత్రం ఇంట్లో భర్తని అడిగింది. "నా నమూనాలు షెడ్డులో ఇనప్పెట్టెలో ఉంటాయి. తాళం చెవి మనిద్దరి దగ్గరే ఉంది."

ఆయన కంచం లోంచి తలెత్తలేదు. "నేనే ఇచ్చాను. వాడేమన్నా పరాయివాడా? నువ్వు మహా అయితే ఏడాదికి నాలుగు కుడతావు. వాళ్ళు నాలుగు వేలు కుడతారు. మనవాడు పైకొస్తే మనకి పేరు కాదా?"

"నన్నొక్క మాట అడగాల్సింది."

"అడిగితే ఇచ్చేదానివా?"

ఇచ్చేదే. అసలు దుఃఖం అదే. కానీ ఆ మాట ఆయనకి చెప్పడం దండగనిపించి లేచి వెళ్ళిపోయింది.

తర్వాత ఆమె లారీలకి టార్పాలిన్లు కుట్టడం మొదలెట్టింది. వాటికి తిన్నగా కుడితే చాలు.

మరుసటేడు పోటీకి ముందు గాలోడు షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు. "వదినా, రేపు గాలి బాగా ఉంటుందట. ఎన్ని సెంటీమీటర్లు లాగమంటావ్?"

"సంచి మీద అచ్చేశారుగా. చూసుకో."

"అది అందరికీ రాసింది. నాకు చెప్పు."

ఆమె మిషను ఆపలేదు. అతను వెనుదిరిగి వెళ్ళిపోయాడు.

మర్నాడు అతను ఆరు మీటర్లదే వేశాడట. విసురుకి తెరచాప చేతుల్లోంచి ఊడిపోయి, డెబ్బై కూడా రాలేదట. ఆ మాట మోసుకొచ్చింది భర్తే. ఎప్పటికైనా ఇలాంటి కబురు వింటే కడుపు చల్లబడుతుందని ఆమె ఏడాదిగా అనుకుంటూనే ఉంది. విన్నది. ఏమీ చల్లబడలేదు.

"చెయ్యి బాగానే ఉందా?" అని మాత్రం అడిగింది.

ఉందన్నాడు భర్త. ఆమె దారం తెంపి, ఇంకో టార్పాలిన్ ముందుకి లాక్కుంది.