గుర్వయ్య కూత

చెవి ఆపరేషనై పదకొండు రోజులైంది. గుర్వయ్య తలకట్టు విప్పేశారు. కుడి చెవి వెనక కుట్లు వేసిన గీత మిగిలింది. చిట్యాలకు మూడు మైళ్ల దూరాన ఉన్న ఊళ్లో, తన ఇంటి అరుగు మీద ఎడమవైపుకు ఒరిగి పడుకున్నాడు. లేస్తే తల తిరుగుతోంది. పులుసు నోట్లో పెట్టుకుంటే ఇనుము నాకినట్టుందని గిన్నె పక్కకు తోశాడు.

చూడడానికి వచ్చిన ముసలి బిక్షమ్మ అరటిపండ్లు అతని భార్య పుష్ప చేతికిచ్చి, గుర్వయ్య కుట్ల దగ్గర నోరు పెట్టి అరిచింది.

"గుర్వయ్యా! ఇనబడ్తాందా?"

అతను కదల్లేదు.

"ఇప్పుడే ఇనబడదవ్వా," అంది పుష్ప. "లోపల పెట్టింది సగమే. ఇరవై నాలుగు తారీఖు నాడు చెవి మీద ఇంకో మిషను పెడ్తరు. గప్పుడు ఇనబడ్తది."

"అంటే మోటరు దించి వైరు కలపకుంట వచ్చిన్రా?"

"గట్లనే అనుకో."

"మరి బోరుల నీళ్లున్నయో లేవో ఎట్ల తెల్వాలె బిడ్డా?"

పుష్ప నవ్వింది. ముసలామె వెళ్లాక నవ్వు ఆగిపోయింది. ఆపరేషన్‌కు ముందు ఆ చెవికి కాస్తో కూస్తో వినపడేది. డప్పు వినపడేది, లారీ హారన్ వినపడేది. అదీ పోవచ్చని డాక్టర్ ముందే చెప్పాడు. పోయింది. సంతకం పెట్టమని పట్టుబట్టింది పుష్పే.

మూడేళ్ల కింద మెదడు జ్వరం వచ్చి గుర్వయ్య వినికిడి చాలావరకు పోయింది. అంతవరకు వరికోతలు కాగానే తన అరవై గొర్రెలను సాగర్ కాలువ కింది పొలాలకు తనే తోలుకుపోయేవాడు. మూడేళ్లుగా తమ్ముడు నాగేందర్ తన గొర్రెలతో పాటు తోలుకుపోతున్నాడు. గుర్వయ్య ఇంటి దగ్గర ఉంటున్నాడు. ఈసారి మంద ఇరవై ఎనిమిదిన కదులుతుంది.

"అన్న పిలుస్తే గొర్లు మర్లాలె," అన్నాడు నాగేందర్ నలుగురిలో. "మర్లినయంటే ముందల అన్నే నడుస్తడు. లేకుంటే ఈ యేడు సుత ఇంటికాడనే."

గొర్రె తనకు తెలిసిన కూతకే తిరుగుతుంది. చెవులు పోయాక గుర్వయ్య గొంతు పైకెక్కింది, మధ్యలో చీలింది. అతను కూస్తే గొర్రెలు చెదిరిపోయేవి. ఆ సంగతి ఊరంతటికీ తెలుసు, అతనికి తప్ప. మంద తమ్ముడికి అలవాటు పడిందని పుష్ప సైగలతో చెప్పింది. అతను నమ్మాడు.

ఇరవై నాలుగున హైదరాబాద్‌ దవాఖానలో వినికిడి పరీక్షలు చేసే మంజులత మేడం మిషన్ చెవి వెనక తగిలించింది. దాని అయస్కాంతం బిళ్ల నెత్తి మీద దానంతటదే అతుక్కుంది. ఆమె కంప్యూటర్‌లో ఒక్కో చప్పుడు పంపింది. వినపడినప్పుడల్లా గుర్వయ్య వేలెత్తాడు. చివరికి మైకు తెరిచి, "మీ పేరేంటి?" అంది.

గుర్వయ్య ఆమె వైపు తిరిగాడు. "పిట్టలు ఒర్రినట్టుంది," అని, ఆగి, నోటి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"పుష్పా, గిది నా గొంతేనా?"

"నీదే," అంది పుష్ప సైగ చేస్తూ.

"మూడేండ్ల సంది గిట్లనే ఉన్నదా?"

ఆమె తలూపింది.

"ఎందుకు చెప్పలే?"

"చెప్తే మాట్లాడుడే బందు పెడుదువు."

కొన్నాళ్లు అన్నీ మరచప్పుళ్లలాగే ఉంటాయని, చెవికీ గొంతుకీ తొందరపెట్టవద్దని మంజులత చెప్పింది. గుర్వయ్య సరేనన్నాడు. అతని దగ్గర నాలుగు రోజులే ఉన్నాయి.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ ఏరేసిన పత్తి చేలోకి వెళ్లారు. అతను కూశాడు. గొంతు దించమని పుష్ప చెయ్యి కిందికి చూపింది. మళ్లీ కూశాడు. ఆమె మళ్లీ చూపింది. అతని పాత కూత ఆమెకు గుర్తుంది. రెండో రోజుకు గొంతు బొంగురుపోయింది. వేడినీళ్లు తాగి మళ్లీ వచ్చాడు. మూడో రోజు ఆమె చెయ్యి ఎత్తబోతుంటే అతనే ఆపాడు.

"చెప్పకు. ఏడ తప్పుతున్ననో నాకే ఇనబడ్తాంది."

పుష్ప చేతులు కట్టుకుని గట్టు మీద కూర్చుంది.

ఇరవై ఎనిమిదిన మంద ఊరవతల మేస్తోంది. పదిమంది చేరారు. బిళ్ల కదులుతుందని గుర్వయ్య తలకు రుమాలు చుట్టుకోలేదు.

"పిలువన్నా," అన్నాడు నాగేందర్.

గుర్వయ్య కూశాడు. కొన్ని తలలు లేచాయి. మళ్లీ గడ్డిలోకి వంగాయి.

"సెల్లు అయిపోయిందా మామా?" ఎవరో అన్నారు.

అతనికది వినపడింది. అటు చూడలేదు, పుష్ప వైపూ చూడలేదు. గాలి నిండా పీల్చి, గొంతు దించి, కూతను చివరిదాకా సాగదీశాడు.

ఒక ముసలి గొర్రె తల తిప్పింది. నిలబడింది. నడిచింది. దాని వెనక మరో నాలుగు. ఆపైన అరవై. ఆ కూత ఎన్నడూ వినని గొర్రెపిల్లలు తల్లుల వెంట ఉరికాయి. మేస్తున్న చోటు ఖాళీ అయింది.

"వదినా, నా గొర్లు సుత పోతున్నయి గదనే!" అన్నాడు నాగేందర్.

"పోనియ్యి," అంది పుష్ప. కళ్లు తుడుచుకోలేదు.

గుర్వయ్య కర్ర భుజాన వేసుకుని దారి పట్టాడు. నూటపాతిక గొర్రెలు వెనక నడిచాయి. కొంత దూరం పోయాక, వెనక దూరమవుతున్న ఒక గొర్రె గొంతు విని, తిరిగి చూడకుండానే అరిచాడు.

"నాగేందర్! కుంటిది ఎనుకబడ్డట్టుంది, జర చూసుకుంట రా."

నాగేందర్ మంద వెనక్కి వెళ్లాడు.