చేపలు ఎందుకు చచ్చాయి

సముద్రశాస్త్రం గురించి రాసే విలేఖరులకు వారం రోజుల శిక్షణ ఉందని కబురొస్తే, ఆ పత్రికాఫీసులో ఎవరూ ముందుకు రాలేదు.

"తుఫానొస్తే రాస్తాం, చేపల ధర పెరిగితే రాస్తాం. అంతకుమించి సముద్రంతో మనకేం పని?" అన్నాడు ఎడిటర్.

మున్సిపాలిటీ వార్తలు చూసే విలేఖరి మాత్రం వెళ్తానంది. ఆమెకో కారణముంది. కిందటి నెల వాళ్ల ఊరి ఒడ్డున చచ్చిన చేపలు గుట్టలుగా పడ్డాయి. దగ్గర్లోనే రంగుల ఫ్యాక్టరీ ఉంది. విషం వదిలారని ఊరు భగ్గుమంది. బడిలో పాఠాలు చెప్పే ఆమె చెల్లెలు జనాన్ని కూడగట్టి ఫ్యాక్టరీ గేటు ముందు ధర్నాకు కూర్చుంది. ఆ ధర్నా గురించి రాస్తున్నకొద్దీ అక్కను ఒక్క ప్రశ్నే తొలిచేది. విషమని అందరూ అంటున్నారు, చూసిందెవరు?

శిక్షణలో మొదటి రోజే పరిశోధన పడవ ఎక్కించారు. ఒడ్డు దాటగానే ఆమెకు పేగులు నోట్లోకొచ్చినంత పనైంది. పక్క పత్రికాయన "చేపలకు మేత వేస్తున్నారా మేడమ్?" అని నవ్వాడు. కాసేపటికి ఆయనా రెయిలింగు పట్టుకుని వంగాడు.

పాఠం చెప్పే శాస్త్రవేత్త నెరిసిన జుట్టు మనిషి, నవ్వు తక్కువ. తాడుకు కట్టిన సీసాలు లోతుకు దించి నీళ్లు తీయించింది. అడుగున నీళ్లు చల్లగా ఉంటాయని, వాటిలో ఆక్సిజన్ తక్కువని చూపించింది. గాలి ఒడ్డు నుంచి బలంగా వీస్తే పైనీళ్లు లోపలికి జరిగి, ఆ అడుగు నీళ్లు ఒడ్డుకు పొంగుకొస్తాయట.

విలేఖరికి ఒడ్డున పడ్డ గుట్టలు గుర్తొచ్చాయి. ల్యాబుకు రాగానే తమ ఊరి చేపల సంగతి అడిగింది. శాస్త్రవేత్త, ఆ ఊరి దగ్గర్లో సముద్రం మీద తేలుతూ నీళ్లను కొలిచే పరికరం పంపిన లెక్కలు కంప్యూటరులో తెరిచింది. చేపలు చచ్చిన రాత్రి నీళ్లు ఉన్నట్టుండి చల్లబడ్డాయి. ఆక్సిజన్ పడిపోయింది.

"ఊపిరాడక చచ్చాయన్నమాట. అయితే ఫ్యాక్టరీ తప్పేం లేదా?"

"అలా అన్నానా? ఈ చేపల చావుకు ఇదే కారణమై ఉండొచ్చు. ఫ్యాక్టరీ వదిలే నీళ్లలో ఏముందో ఎవరూ కొలవలేదు. కొలవనిదాని గురించి నేను మాట్లాడను."

తిరిగొచ్చిన రోజు చెల్లెలింటికే వెళ్లింది. చెల్లెలు ధర్నా కోసం అట్టల మీద నినాదాలు రాస్తోంది. అక్క నీళ్లు నమలకుండా చెప్పేసింది.

"ఇది రాస్తావా?"

"రాయాలి కదే."

"రాయి! వాళ్లు పండగ చేసుకుంటారు. నా వెనకొచ్చిన వాళ్లకు నేనేం మొహం చూపించను?"

"మనకు ఇష్టమైనదే నిజం కావాలంటే ఎలాగే?"

చెల్లెలు కుంచె కిందపెట్టి లోపలికి వెళ్లిపోయింది.

వార్త వచ్చింది. చేపల చావుకు కారణం ఇదై ఉండొచ్చని ఎంత విడమర్చి రాసిందో, ఫ్యాక్టరీ నీళ్లు ఇంతవరకు ఎవరూ పరీక్షించలేదనీ అంతే గట్టిగా రాసింది. ఫ్యాక్టరీవాళ్లు మొదటి సగం మాత్రం కత్తిరించి ఊరంతా పంచారు. ధర్నా పలచబడింది. చెల్లెలు ఫోనెత్తడం మానేసింది. బజార్లో ఎవరో "ఫ్యాక్టరీ వాళ్ల చుట్టం" అనడం అక్క చెవిన పడింది. ఆ రోజు ఆమెకు అన్నం సయించలేదు.

ఊరుకోలేక మళ్లీ శాస్త్రవేత్తకు ఫోన్ చేసింది. ఫ్యాక్టరీ నీళ్లు వదిలే గొట్టం దగ్గర ఎలా పరీక్షించాలో, ఎవరిని అడగాలో కనుక్కుంది. రెండో వార్త రాసింది. ఈసారి అంతా ఒక్క ప్రశ్న చుట్టూనే: ఇన్నేళ్లుగా ఎందుకు కొలవలేదు?

అది వచ్చిన సాయంత్రం చెల్లెలే ఆఫీసుకొచ్చింది. మొహం ఇంకా ముడుచుకునే ఉంది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"రేపు అధికారుల దగ్గరికి వెళ్తున్నాం. నీళ్లు కొలిచేదాకా కదలం. కానీ వాళ్లు ఏదో లెక్క చూపించి పొమ్మంటే? నాకేం తెలుసు?"

"నాకూ ఆ శిక్షణకు వెళ్లేదాకా తెలీదు."

"అయితే చెప్పు. మొదట్నుంచి చెప్పు. తొందరేం లేదు."

అక్క కంప్యూటరు ఇటు తిప్పింది. తెర మీద ఆ రాత్రి ఆక్సిజన్ గీత ఎక్కడ కిందికి పడిందో వేలితో చూపించింది. "ఎందుకు?" అంది చెల్లెలు, పిల్లలు బడిలో తనను అడిగినట్టే.